గొర్రెల తొట్టిలో పిల్లులు

ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో పైవాళ్ల దగ్గర్నుంచి నాకు వచ్చిన మెప్పు పత్రం ఒక్కటే. ఈనలేక అల్లాడే ఆవుల్లో భుజం దాకా చెయ్యి పెట్టి దూడల్ని లాగినందుకు అది రాలేదు. ఎర్రటెండలో సైకిలు తొక్కుకుంటూ ఊరూరా గొర్రెలకు సూదులు వేసినందుకూ రాలేదు. ముప్పై ఒక్క పిల్లుల్ని చంపినందుకు వచ్చింది. పత్రంలో ఆ మాట అంత సూటిగా లేదనుకోండి. సర్కారు కాగితంలో ఏ మాటా సూటిగా ఉండదు.

ఈ సంగతి ఇన్నేళ్లూ ఎక్కడా రాయలేదు. మొన్న పక్కింటివాళ్ల పిల్లికి గజ్జి పట్టిందని, తోడు రమ్మంటే ఆసుపత్రికి వెళ్లాను. చల్లటి గది, పిల్లిని తూచడానికే ఒక యంత్రం, గోడ మీద నవ్వుతున్న పిల్లి బొమ్మ. మా కూతురి ఈడు డాక్టరమ్మ చిన్న గొట్టం తీసి పిల్లి మెడ వెనక నాలుగు చుక్కలు వేసింది. "ఇక్కడే ఎందుకంటే అంకుల్, దాని నాలుక ఇక్కడికి అందదు" అని నాకు పాఠం చెప్పింది. ఈ మాట ఆ రోజుల్లో నాకెవరైనా చెప్పి ఉంటేనా అని నిట్టూర్చబోయాను. అబద్ధం ఎందుకు, చెప్పినవాడున్నాడు. నేనే వినలేదు. కాబట్టి ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలారా, మీ సర్టిఫికెట్టుకు వేయించిన లామినేషన్ వేడి ఆరకముందే ఇది చదవండి.

ఎనభైల్లో కర్ణాటకలో, తెలుగు మాట్లాడే పావగడ తాలూకాలోని ఒక పల్లెకు నన్ను వేశారు. పశువైద్య ఉపకేంద్రం అని బోర్డు ఉండేది. లోపల రేకుల గది, మూడు కాళ్ల బల్ల, నాలుగో కాలి కింద ఇటుకలు. నేను డిప్లొమా చదివిన స్టాక్‌మన్‌ని, అంటే డాక్టరు కింద పనిచేసేవాణ్ణి, ఊళ్లో మాత్రం డాక్టరునే. అసలు డాక్టరు పావగడలో ఉండేవారు. జీపులో డీజిలు ఉన్న గురువారాల్లో వచ్చేవారు, అంటే అమావాస్యకో పున్నానికో. మూడో మనిషి మా అటెండరు. నేను నిక్కర్లు వేసుకున్న రోజుల నుంచే ఆయన అక్కడ పశువుల కాళ్లు పట్టుకుంటున్నాడు. సంతకం తప్ప ఏమీ రాయడం రాదు కాబట్టి ఆయనకేమీ తెలియదని నేను చేరిన రోజే తీర్మానించుకున్నాను.

రెండేళ్లుగా వానలు ముఖం చాటేశాయి. ఉన్న కాస్త వేరుశనగలో విత్తనానికని దాచుకున్న మూటలు ప్రతి ఇంట్లోనూ నట్టింట్లో ఉండేవి. మనుషులు వసారాలో పడుకునేవాళ్లు, మూటలు లోపల పడుకునేవి. వాన పడేదాకా వాటిని ఎలుకల నుంచి కాపాడాలి. ఆ కాపలా పిల్లిది. ఆ ఊళ్లో పిల్లికి ఉన్న మర్యాద నాకు ఏనాడూ దక్కలేదు.

ఆ ఎండాకాలం పిల్లులకు గజ్జి వచ్చింది. కంటికి కనపడని పురుగు తోలు కింద దూరి కాపురం పెడుతుంది. చెవుల కొనల్లో మొదలై, ముఖమంతా పెచ్చులు కట్టి, కళ్లు మూసుకుపోయే దాకా పోతుంది. పెంపుడు పిల్లి, బజారు పిల్లి అని దానికి తేడా లేదు. కాయలు ఒలిచే మిల్లు దగ్గర తిరిగే దిక్కులేని పిల్లులు దాన్ని ఇంటింటికీ తీసుకెళ్లి పంచాయి. మా శాఖ ఏ పథకాన్నీ అంత సమానంగా పంచింది లేదు. గజ్జి పట్టిన పిల్లి ఎలుకను పట్టదు, కూర్చుని గోక్కుంటుంది. ఎలుక ముందు నుంచి తీరిగ్గా నడిచిపోతున్నా గోక్కుంటూనే ఉంటుంది.

ఒకరోజు పొద్దున ఒకావిడ గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. నలభై ఐదేళ్లు ఉంటాయి, ఊళ్లో ఆమె నోటికి జడవని మగవాడు లేడు. భర్త ఉన్నా లేనట్టే, నోరు విప్పని మనిషి, అందుకని ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడేది. గంప దించి పైన కప్పిన గుడ్డ తీసింది. బూడిద రంగు పిల్లి, రెండు చెవులూ పెచ్చులే.

"ఏమప్పా డాక్టరూ, ఎద్దుకు మందుండాది, మేకకు మందుండాది, కోళ్లకు గూడా సూదులేస్తాండారు. దీనికి లేదా?" అంది.

నేను రిజిస్టరు తెరిచాను. ఆవు, ఎద్దు, బర్రె, గొర్రె, మేక, పంది, కోడి, కుక్క. "రిజిస్టర్లో దీనికి గడి లేదక్కా" అన్నాను.

"గడి గీయప్పా. గీత గీసేదానికి గూడా బెంగుళూరికి రాయాల్నా?"

అటెండరు నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. ఆమె మాత్రం నవ్వలేదు. "మూడు మూటల విత్తనం కాయలుండాయి నా ఇంట్లో. అవి పోతే ఈ ఏడు మా చేను బీడే. ఇంకొకరిని విత్తనం అడిగే మొగం నాకు లేదు. ఈ పిల్లి నిలబడితేనే మేము నిలబడేది. చూడప్పా" అంది.

"నేను చూసుకుంటా, నువ్వు పో అక్కా" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అదృష్టం కొద్దీ ఆ గురువారం జీపులో డీజిలు ఉంది. డాక్టరుగారికి చెప్పాను. "పిల్లా? ఏ స్కీము కింద?" అన్నారు. ఏ స్కీమూ లేదన్నాను. గంధకం మలాముకు ఇండెంటు రాయమన్నారు, మూడు నెలల్లో వస్తుందన్నారు. నా ఓపిక మూడు రోజులది. అప్పుడు నా బుర్రలో మెరిసింది, మన దగ్గర గొర్రెల తొట్టి ఉంది కదా అని.

గొర్రెలకు ఒంటి మీద పురుగు పడితే నేలలో కట్టిన సిమెంటు తొట్టిలో మందు నీళ్లు నింపి, మందను ఒక పక్క నుంచి తోలి ఇంకో పక్క ఎక్కిస్తాం. మందు నీళ్లలో కలిపితే పాలలాగా తెల్లబడుతుంది. మెడ దాకా ముంచితే పురుగు చచ్చిపోతుంది. గజ్జి పురుగు గొర్రె మీద ఉన్నా పిల్లి మీద ఉన్నా పురుగే కదా. ఇంత సులువైన ఉపాయం పెద్ద డాక్టర్లకు ఎందుకు తట్టలేదా అని జాలిపడ్డాను.

అటెండరుకు చెబితే ఆయన చేతిలోని బీడీ ఆర్పేశాడు. "పిల్లిని తడపొద్దు సార్. గొర్రె దాని ఒళ్లు అది నాక్కోదు. పిల్లి నాక్కుంటాది. నువ్వు పైన పూసిందంతా సాయంత్రానికి దాని కడుపులో ఉంటాది" అన్నాడు.

"మరేం చేద్దామంటావు?"

"గంధకం నూరి చెనక్కాయ నూనెలో కలిపి, చెవులకు మాత్రం ఇంత పూసి, గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకోవాల. నాక్కోకుండా గంటసేపు. తర్వాత తుడిచేయాల. వారానికోసారి."

"ఊళ్లో పిల్లులన్నిటినీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటామా? ఇది సామూహిక సమస్య, సామూహిక చికిత్స కావాలి" అన్నాను. ఆ వాక్యం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను మరి. ఆయన ఆర్పిన బీడీ మళ్లీ వెలిగించుకున్నాడు. అంతగా చదువుకున్నవాడికి ఎదురు చెప్పడం మర్యాద కాదనుకున్నాడేమో.

గొర్రెలను ముంచే రోజుకు ముందు ఊళ్లో దండోరా వేయించడం అలవాటు. ఈసారి పిల్లుల్ని కూడా తీసుకురమ్మని వేయించాను. పిల్లి గొర్రెలో పదో వంతు కూడా ఉండదు కదా అని శాస్త్రీయంగా ఆలోచించి మందు సగానికి తగ్గించాను. పదో వంతుకు సగం ఎట్లా సరిపోతుందని ఇప్పుడు అడగకండి, అప్పుడడగాల్సింది.

ఆ రోజు చూడాలి. గోనెసంచుల్లో, బుట్టల్లో, కొంగుల్లో, ఒకటైతే తల మాత్రం బయటపెట్టి పంచెలో చుట్టుకుని, ఊళ్లో పిల్లులన్నీ వచ్చాయి. మిల్లు దగ్గరి బజారు పిల్లుల్ని కూడా వలేసి పట్టుకొచ్చారు. గొర్రెలు నోరు మూసుకుని ఈదాయి. పిల్లులు అట్లా కాదు. నా మోచేతుల మీద ఆ రోజు పడ్డ గీతలు నెల దాకా మానలేదు. ఒక్కో పిల్లిని ముంచి తీసినప్పుడల్లా అటెండరు దూరంగా నిలబడి ఆఫీసు గోడ మీద బొగ్గుతో ఒక గీత గీశాడు. మొత్తం ముప్పై ఒకటి. బూడిద రంగు పిల్లిని ఆమే స్వయంగా నా చేతికి అందించింది. "మెల్లగప్పా" అంది.

ఆ సాయంత్రమే రిపోర్టు రాసి బస్సు కండక్టరు చేత పావగడకు పంపాను. ముప్పై ఒక్క పిల్లులకు చికిత్స, గజ్జి సంపూర్ణ నిర్మూలన అని రాశాను. 'సంపూర్ణ' కింద గీత కూడా గీశాను.

మర్నాడు పొద్దున ఆఫీసు తలుపు తీసేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. పిల్లి ఒళ్లో ఉంది. నోటి నుంచి చొంగ కారుతోంది, ఒళ్లంతా వణుకుతోంది. రాత్రంతా శుభ్రంగా ఒళ్లు నాక్కుందట. పిల్లి శుభ్రమైన జంతువు, నేను చదివిన పుస్తకంలోనూ ఉంది ఆ మాట. మధ్యాహ్నానికి ఆఫీసు ముందు గంపల వరస. సబ్బు నీళ్లు పెట్టి ఒక్కొక్కదాన్నీ కడిగాను. కడిగితే పోయేది తోలు మీద ఎక్కడుంది, కడుపులో ఉంది. మూడో రోజుకు ముప్పై ఒకటికి ముప్పై ఒకటీ పోయాయి.

పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలని ఊళ్లో పెద్దలు గుర్తు చేశారు. నా జీతానికి బంగారు మీసం కూడా రాదు. ఇంక ఈ ఏడు వాన పడినట్టే అని ఇంకొకరన్నారు. అందరి తిట్లూ తిన్నాను, అవి తినదగినవే. ఆమె తిట్టలేదు. అన్ని మాటలున్న మనిషి రెండే అంది.

"చూసుకుంటానంటివి. చూసుకున్నావు."

ఇలాంటి చోట సిగ్గుతో చచ్చిపోయాను అని రాస్తుంటారు. నేను చావలేదు. మర్నాడు పది గంటలకు ఆఫీసు తెరిచాను. ఆ గోడ మీద బొగ్గు గీతలు నాకెదురుగా ఉన్నాయి. సున్నం కొట్టించడానికి కూడా ఇండెంటు కావాలి కదా, నేను బదిలీ అయ్యేదాకా ఉన్నాయి.

తర్వాతి గురువారం డాక్టరుగారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. "రిపోర్టు పంపక ముందు చచ్చాయా, పంపాక చచ్చాయా?" అన్నారు.

"పంపాక సార్."

"మరింకేం" అని జీపెక్కారు.

ఎలుకలకు ఏ కండక్టరు చెప్పాడో గాని వారం తిరిగేసరికి ఊరంతా వాటిదే. ఆమె ఇంట్లో మూటలను దూలానికి వేలాడదీశారు. ఎలుకలు తాడు మీద నడిచొచ్చాయి. ఎలుకల మందు తెస్తానన్నాను. "ఇంక నీ చేతి మందులు చాలప్పా" అంది. ఆమెకు పిల్లి కావాలి. పిల్లిని నేనే తెచ్చివ్వాలని బయలుదేరాను.

ఆ వైపు పిల్లిని ఊరికే తెచ్చుకోరు. సేరు కాయలో, సేరు రాగులో కొలిచి ఇచ్చి తెచ్చుకోవాలి. లేకపోతే అది ఇంట్లో నిలవదంటారు. సంచిలో సేరు రాగులు పోసుకుని సైకిలెక్కాను. పక్కనున్న అరసికెరెలో ఒక ముసలాయన వసారాలో నాలుగు పిల్లి పిల్లలు ఆడుకుంటున్నాయి. చూసి ప్రాణం లేచొచ్చింది.

"యా ఊరప్పా మీది?" అన్నాడాయన. చెప్పాను.

"తొట్టి డాక్టరు నువ్వేనా?"

నేను జవాబు చెప్పే లోపల పిల్లలు నాలుగూ ఇంట్లోకి పోయాయి, తలుపు పడింది. "సేరు గాదు, మూట కొలిచినా నీకియ్యం పోప్పా" అని లోపల్నుంచి వినబడింది. క్యాతగానచెర్లులో నన్ను చూసి ఆడవాళ్లు పిల్లుల మీద గంపలు బోర్లించారు. వెంకటమ్మనహళ్లిలో నేను నోరు తెరిచే పనే పడలేదు, నా కీర్తి నాకంటే ముందు బస్సులో దిగింది. మా శాఖ ఏ ప్రచారమూ అంత చక్కగా చేయలేదు.

ఇట్లా ఉండగా పావగడ నుంచి మందపాటి కాగితం మీద మెప్పు పత్రం వచ్చింది. మీ పరిధిలో మార్జాలములందు గజ్జి సంపూర్ణముగా నిర్మూలింపబడినందుకు అభినందనలు అని దాని సారాంశం. అబద్ధమని ఎవరూ అనలేరు, ఊళ్లో గజ్జి పట్టిన పిల్లి ఒక్కటీ లేదు. దాంతో పాటు ఒక సర్క్యులరు. తాలూకాలోని కేంద్రాలన్నీ ఇదే పద్ధతి పాటించాలి, ఫలానా రోజు మీటింగులో నేను ఆ పద్ధతిని అందరికీ వివరించాలి. మొదట నాకు నవ్వొచ్చింది. తర్వాత తాలూకాలో ఎన్ని తొట్లున్నాయో గుర్తొచ్చి ఆ నవ్వు ఆగిపోయింది.

మీటింగు రోజు పొద్దున బస్సు కోసం నిలబడి ఉంటే ఆమె కూలికి పోతూ ఆగింది. కొంగున కట్టిన మూట విప్పి నా చేతి సంచిలో కుమ్మరించింది. ఎలుకలు కొరికి గుల్ల చేసిన కాయలు.

"మీటింగంట గదా. పిల్లులకు నువ్వు చేసిన వైద్దిగం జెప్తావంట. ఇవి గూడా చూపియ్యి. ఒకటిన్నర మూట పాయ. మిగిలిన దాంట్లో గూడా పడినాయి. నేను రోజూ పొద్దున్నే పొట్టు ఊడుస్తాండా" అంది.

మీటింగులో పెద్దాఫీసరు, పూలదండ, ప్లేట్లలో బోండాలు. మా డాక్టరుగారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు, మెప్పు పత్రం కాపీ ఒకటి ఆయనకూ వచ్చింది కదా. నన్ను లేపారు. రాసుకొచ్చిన కాగితం కోసం సంచిలో చెయ్యి పెడితే గుల్లలు తగిలాయి. కాగితం వదిలేసి అవే తీసి బల్ల మీద బోండాల పక్కన పోశాను.

"పిల్లి ఒళ్లు నాక్కుంటుంది సార్. మా అటెండరు ముందే చెప్పాడు, నేను వినలేదు. ముంచిన ముప్పై ఒకటీ చచ్చాయి. ఇవి ఎలుకలు తిన్న విత్తనం కాయలు" అన్నాను.

ఆఫీసరు నా వైపు చూశారు. "గజ్జి పోయిందా, లేదా?"

"పోయింది సార్. పిల్లులతో పాటు."

"చచ్చిన సంగతి ఏ ఫారంలో పంపావు?"

"పిల్లులకు ఫారం లేదు సార్."

"ఫారం లేకుండా చచ్చినవాటిని నేనెట్లా లెక్కలోకి తీసుకునేది?" అని ఆయన టీ తెప్పించారు. సర్క్యులరు వెనక్కి తీసుకోవాలంటే కారణం రాయాలట, కాబట్టి తీసుకోలేదు. తర్వాత దాన్ని పాటించినవాడు మాత్రం ఒక్కడూ లేడు. పూలదండ నాకు వేయలేదు, తెచ్చింది వృథా కాకుండా డాక్టరుగారికి వేశారు.

బయట మెట్ల మీద ఇంకో ఊరి కేంద్రంలో పనిచేసే పెద్ద వయసు స్టాక్‌మన్ కూలబడి ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. "రేపు మా ఊర్లో దండోరాకు చెప్పి వచ్చినానప్పా. మందు గూడా కలపమన్నా. మొదట ముంచేది మా ఇంటి పిల్లినే" అన్నాడు. నా భుజం పట్టుకుని వదల్లేదు. "రా, మా ఇంటికి పోదాం. దాని పోయిన ఈత పిల్ల ఒకటుండాది, ఎలకను పట్టే ఈడుకొచ్చింది. తీసుకుపో."

దారిలో బజార్లో నా చేత సేరు రాగులు కొనిపించి మరీ ఆయన కొలిపించుకున్నాడు. ఆ పిల్లిని సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. దాని చెవి కొన మీద అప్పుడే చిన్న పెచ్చు. గజ్జి నన్ను అంత సులువుగా వదలదు కదా. ఊళ్లో దిగగానే అటెండరును లేపుకొచ్చి, "అన్నా, ఎట్లా పూయాలో చెప్పు" అన్నాను. ఆయన గంధకం నూరాడు, నూనె కలిపాడు, చెవికి ఇంత పూశాడు. ఆమె ఇంటి వసారాలో గుడ్డలో చుట్టిన పిల్లిని గంటసేపు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అది నా వేలు రెండుసార్లు కొరికింది, హక్కుంది దానికి. ఆరు వారాలు అట్లాగే కూర్చున్నాను. గజ్జి పోయింది, పిల్లి ఉంది. రెండూ ఒకేసారి కుదురుతాయని అప్పుడు తెలిసింది.

తెచ్చిచ్చిన రోజే ఆమె లోపలికెళ్లి సేరు తెచ్చింది. మిగిలిన మూటలోంచి నిండుగా కొలిచి నా ముందు పెట్టింది.

"ఎందుకక్కా? పోయినదానికి బదులుగా తెచ్చాను."

"పోయింది పోయింది. దానికి బదులేంది? ఇది వేరే పిల్లి. ఊరికే తీసుకుంటే ఇంట్లో నిలవదు. తీసుకో."

ఉన్నదే మూటన్నర లోపు. వద్దంటే ఆమె ఊరుకోలేదు. తీసుకెళ్లి ఆఫీసు అల్మారాలో మందుల డబ్బా ఖాళీ చేసి కడిగి, అందులో పోసి మూత బిగించాను. తినడానికి చెయ్యి రాలేదు.

శ్రావణం దాటాక వాన పడింది. ఊళ్లో సగం చేలు బీడుగానే ఉన్నాయి, ఆ సగం నా లెక్కలోనిదే. ఆమె చేను దున్నారు. రెండో రోజు మధ్యాహ్నం కాళ్ల నిండా బురదతో ఆఫీసుకొచ్చింది.

"ఆ సేరు కాయలు యాడ పెట్టినావు? తినేస్తివా?"

"లేదక్కా. ఉన్నాయి."

"కడపటి సాళ్లకు తక్కువ పడినాయి. తీయప్పా బిరీన, ఎద్దులు నిలబడుండాయి."

డబ్బా తీశాను. అక్కడే నేల మీద కూర్చుని ముగ్గురం ఒలవడం మొదలుపెట్టాం, ఆమె, అటెండరు, నేను. పప్పు పోసుకోవడానికి ఏదైనా కాగితం ఇమ్మంది. రిజిస్టరు చించకూడదు. ఇండెంటు కాగితాలు పలచన, చినిగిపోతాయి. అల్మారాలో మందంగా, మడత నలగకుండా ఉన్నది ఒక్కటే. తీసి పరిచాను. ఒలవడం అయ్యాక ఆమె దాన్ని నాలుగు వైపులా మడిచి పొట్లం కట్టి, పరుగు లాంటి నడకతో చేను వైపు వెళ్లిపోయింది.

నేను రిటైరయ్యేటప్పుడు ఆఫీసులో ఒక ఫారం ఇచ్చారు. సర్వీసులో పొందిన మెప్పు పత్రాలుంటే జతచేయాలని అందులో ఒక గడి ఉంది. ఒకటి వచ్చింది, విత్తనం కట్టి ఇచ్చేశాను అని రాశాను.